చాటింపు మనది, మాట ఎవరిది?

రేడియోలో కబుర్ల కార్యక్రమాలు ఎప్పట్నుంచో ఉన్నాయి. ఒక వారం ముగ్గుల గురించి, ఇంకో వారం ఊరగాయల గురించి, ఆపై వారం పిచ్చుక గూళ్ల గురించి. ఉగాది పచ్చట్లో వేపపువ్వు ఎందుకేస్తారు, పాలు ఎందుకు తోడుకుంటాయి, మన పెద్దవాళ్లు రాగిచెంబులో నీళ్లెందుకు తాగేవాళ్లు, ఇట్లాంటి ప్రశ్నలు వేసుకుని, తెలిసినవారినెవరినో పిలిచి, నడుమ ఒక పాట వేసి అరగంట నడుపుతారు. వినడానికి హాయిగానే ఉంటుంది. మేమూ వింటాం. బడిపంతులు పనిలో ఉన్నవాళ్లకి ఇవి అక్కరకొస్తాయి కూడా, మధ్యాహ్నం పూట పిల్లలు తూగకుండా.

వినగా వినగా మాకొక అనుమానం పుట్టింది. ఆ "మన పెద్దవాళ్లు" ఎవరు? రాగిచెంబు ఎవరింట్లో ఉండేది? మా ఇళ్లల్లో సత్తుగిన్నె ఉండేది, మట్టికుండ ఉండేది. ఊరిబావి దగ్గర గంటలకొద్దీ నిలబడితే, ఎవరో ఒకరు దయతలచి తోడి, పైనుంచి మా కుండలో పోసేవాళ్లు. కడవకి కడవ తగలకుండా అంత ఎత్తునుంచి నీళ్లు పోయడం ఒక విద్యే. మరి "నీళ్లు పైనుంచి ఎందుకు పోసేవాళ్లు?" అన్న ప్రశ్న ఏ కబుర్ల కార్యక్రమంలో వచ్చింది? రాగిలో ఏ గుణం ఉందో చెప్పడానికి డాక్టరుగారు దొరుకుతాడు. ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి వాడకో పదిమంది ముసలమ్మలున్నారు. వాళ్ల దగ్గరికి మైకు పట్టుకుని ఎవరూ రాలేదు.

మన కార్యకర్తలు కొందరు నవ్వవచ్చు. భూమి సమస్య అట్లాగే ఉంది, కూలిరేట్లు అట్లాగే ఉన్నాయి, దాడులు ఆగలేదు, వీళ్లకి రేడియో ముచ్చట్లు కావాల్సొచ్చాయా అని. కావాల్సొచ్చాయి. ఎందుకంటే ఏది ముచ్చటగా, విశేషంగా రేడియోలో చెప్తారో అదే తెలుసుకోదగ్గ సంగతి అనిపించుకుంటుంది. తెలుసుకోదగ్గది పుస్తకంలోకి ఎక్కుతుంది. పుస్తకంలోకి ఎక్కింది పరీక్షలో వస్తుంది. మిగిలిందంతా అజ్ఞానం కింద జమ. ఇరవై ఏళ్లుగా తరగతి గదిలో నిలబడి ఈ జమాఖర్చు చూస్తున్నాం.

ఒకసారి మా బడిలో ఏడో తరగతి పిల్లల్ని, మీ ఇళ్లల్లో మీ వాళ్లకి తెలిసిన ఒక పని గురించి చెప్పండర్రా అని అడిగాం. కుమ్మరోళ్ల పిల్లగాడు మట్టి తొక్కడం గురించి చెప్పాడు. కాపుల పిల్ల పసుపు ఉడకబెట్టడం గురించి చెప్పింది. మాదిగవాడ నుంచి వచ్చిన పిల్లవాడు లేచి నిలబడి, "మాకేం తెల్వది సార్" అని కూర్చున్నాడు. వాడి తాత లందలో చేతులు నాని నాని గోళ్లు ఊడిపోయిన మనిషి. ఆ తాత పనితనం ఆ చుట్టుపక్కల నాలుగూళ్లకి తెలుసు. మనవడికి మాత్రం "ఏం తెల్వది". ఎక్కడ నేర్చుకున్నాడు వాడా మాట? ఇంట్లోనైతే కాదు.

ఆ లంద సంగతే కాస్త చెప్పుకుందాం. చచ్చిన పశువు తోలు ఎండాకాలంలో రెండ్రోజులుంటే కంపుగొట్టి కుళ్లిపోతుంది. దాన్ని ఏళ్ల తరబడి నిలిచే చెప్పుగా, వారుగా, బొక్కెనగా మార్చాలి. మొదట సున్నపు నీళ్లల్లో నానేస్తారు. వెంట్రుక వదులవుతుంది, గీకేస్తారు. కడిగి, తంగేడు చెక్క నానబెట్టిన నీళ్లల్లో రోజుల తరబడి ఉంచుతారు. కరక్కాయా వాడతారు. తంగేడు చెక్కలో, కరక్కాయలో టానిన్ అనే పదార్థం ఉంది. టీ ఎక్కువ మరిగితే నాలుక మీద తగిలే వగరు అదే. తోలులో ఉండే మాంసకృత్తుల్ని ఈ టానిన్ గట్టిగా పట్టుకుని, సూక్ష్మజీవులు తిననియ్యకుండా చేస్తుంది. అప్పుడది తోలు కావడం మాని చర్మం అవుతుంది, కుళ్లదు. ఇది రసాయనశాస్త్రం. సున్నం పాలెంత, చెక్క పాలెంత, ఎన్ని రోజులు, ఎండలో ఎంత నీడలో ఎంత, ఇవన్నీ తాతలకి లెక్క ప్రకారం తెలుసు. ఆ లెక్క ఎవరూ రాసుకోలేదు.

కంచ ఐలయ్య 2009లో వచ్చిన "పోస్ట్ హిందూ ఇండియా" పుస్తకంలో మాదిగల్ని శాస్త్రజ్ఞులని రాసినప్పుడు చదువుకున్న పెద్దమనుషులు చాలామందికి మింగుడు పడలేదు. ఇంతకీ తెలంగాణ ప్రభుత్వం 2014లో తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. బతుకమ్మ పండుగొస్తే తంగేడు పువ్వు గురించి రేడియోలోనూ టీవీలోనూ పత్రికల్లోనూ ముచ్చట్లే ముచ్చట్లు. అదే చెట్టు చెక్క గురించి ఒక్క మాట వినపడదు. పువ్వు పళ్లెంలోకి పోయింది, చెక్క లందలోకి పోయింది.

ఆ చర్మంతోనే మోటబొక్కెనలు కుట్టారు మనవాళ్లు. ఆయిలింజన్లు, కరెంటు మోటర్లు రాకముందు దొరల పొలాలకీ కాపుల తోటలకీ నీళ్లు పారింది ఆ తోలు తొండాల్లోంచే. చచ్చిన గొడ్డు చర్మంలో పైకొచ్చిన నీళ్లతో పండిన బియ్యం దేవుడికి నైవేద్యం పెట్టారు. అప్పుడు మైల లేదు. ఆ బొక్కెన కుట్టిన మనిషి మంచినీళ్ల బావిలో చేద వేస్తే మాత్రం బావి మైలపడింది. ఇంతకంటే వింత సంగతి ఏముంటుంది చెప్పండి? వింతలు చెప్పే కార్యక్రమాలకి ఇదొక్కటీ వింతగా తోచలేదు.

ఇక్కడ మనలోనే ఒక వాదన ఉంది. దాన్ని దాటేయడం మంచిది కాదు. "తోలుపని, డప్పు, చచ్చిన గొడ్డు మాంసం, ఇవన్నీ మనమీద రుద్దిన బానిసత్వపు గుర్తులు. బాబాసాహెబ్ 1927లో మహాడ్‌లో చచ్చిన పశువుల మాంసం మానెయ్యమని చెప్పాడు. మీరేమో వాటిని మళ్లీ రేడియోలో పొగడమంటారా?" అని మా మిత్రులే అడిగారు. పొగడమనటం లేదు. వెట్టిని పొగిడేవాడు మన మనిషి కాదు. అయితే అదే బాబాసాహెబ్ 1948లో "ది అన్‌టచబుల్స్" పుస్తకం రాశాడు. అందులో ఆయన పట్టుకున్న ప్రశ్న ఏమిటి? తిండి సంగతి. ఒకప్పుడు అందరూ తిన్న మాంసం తర్వాత కొందరికి నిషేధం ఎట్లా అయింది, తిన్నవాళ్లు అంటరానివాళ్లు ఎట్లా అయ్యారు అని. పళ్లెంలో ఉన్న కూర గురించి అడిగి దేశ చరిత్రని తవ్విపోశాడు. మానెయ్యమన్నదీ ఆయనే, అది ఎక్కడ్నుంచి వచ్చిందో కనుక్కొమ్మన్నదీ ఆయనే. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రావు. రోజువారీ సంగతుల మీద ప్రశ్న వేయడం అంటే మేమనుకునేది అట్లాంటిది. పెద్దకూర తునకలు వానాకాలానికి ఎట్లా ఎండబెట్టి దాచుకునేవాళ్లో చెప్పుకోవాలి. అంత అక్కర ఎందుకొచ్చిందో, ఆ వానాకాలంలో కూలి ఎందుకు దొరికేది కాదో దాంతోపాటే చెప్పుకోవాలి.

డప్పుదీ అంతే. డప్పు కొట్టేముందు మంటమీద కాపడం మన పిల్లలందరూ చూసిందే. ఎందుకు కాపుతారు? చర్మం గాల్లో తేమని పీల్చి వదులవుతుంది. వదులైతే మోత బొంగురుగా వస్తుంది. వేడి తగిలితే తేమ ఆరి చర్మం బిగుస్తుంది, మోత ఖణేల్మంటుంది. ధ్వని పాఠంలో బిగువు పెరిగితే స్థాయి పెరుగుతుందని మేం చెప్పేది ఇదే. పుస్తకంలో వీణ బొమ్మ ఉంటుంది. మేం డప్పు తెప్పించి, మంటపెట్టి చెప్తాం. పిల్లలకి ఒక్కసారికే ఎక్కుతుంది.

అసలు రేడియో అనేది లేనప్పుడు ఊళ్లో రేడియో ఎవరు? మన మనిషే. డప్పు మెళ్లో వేసుకుని నాలుగు వీధుల మొగల్లో నిలబడి చాటింపు వేసేవాడు. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా" అని మొదలెట్టి శిస్తు ఎప్పుడు కట్టాలో, చెరువు తూము ఎప్పుడు తీస్తారో, సర్కారు మనిషి ఎప్పుడొస్తాడో చాటేవాడు. ఊరంతా పని ఆపి చెవి ఒగ్గి వినేది. అంత పెద్ద గొంతు ఉన్న మనిషికి ఒక్క మాట తన సొంతంగా కలిపే హక్కు లేదు. పటేలు చెప్పింది చాటాలి, కరణం రాసింది చాటాలి. పైగా ఆ కబురు ఊళ్లోవాళ్లకి. వాడకి తిరిగొచ్చి తన పెళ్లాం పిల్లలకి చెప్పుకునే సంగతి అందులో ఏమీ ఉండేది కాదు. గొంతు మనది, మాట వాళ్లది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమానికి జనం దండోరా అని పేరు పెట్టుకున్నారంటే, అదే డప్పు మీద మొట్టమొదటిసారి తమ మాట చాటబోతున్నామనే కదా. ఆ ఉద్యమం డిమాండ్ల మీద మనలో ఎవరి అభిప్రాయం ఎట్లా ఉన్నా, పేరు మాత్రం సరిగ్గా కుదిరింది.

ఇక రేడియో వచ్చింది. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలయ్యాయి. హైదరాబాదులో నిజాం కాలంనాటి డెక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి చేతికొచ్చింది. తర్వాత పంచాయతీ ఆఫీసులకి రేడియోలు ఇచ్చారు. గొట్టం మైకు ఒకటి కట్టేవాళ్లు. సాయంత్రం పంటల కబుర్లు, ధరలు, వార్తలు, పాటలు వచ్చేవి. అరుగుమీద ఎవరు కూర్చునేవాళ్లో చెప్పనక్కర్లేదు. మా వాడకి ఆ మాటలు గాలివాటాన్ని బట్టి వచ్చేవి. సగం వాక్యం వినపడేది, సగం పోయేది. మా నాయన తరంవాళ్లు రేడియో విన్నది అట్లాగే, గాలి దయవల్ల.

రేడియోకి అంటుముట్టు కొత్తేం కాదు. 1940లో హార్మోనియాన్ని రేడియోలోంచి వెలేశారు. అది మన సంగీతానికి పనికిరాదు, గమకం పలకదు అని పండితుల తీర్పు. ఆ వెలి 1971 దాకా నడిచింది. మూడు దశాబ్దాలు! మన పల్లెల్లో వీధి నాటకం ఆడినా, భజన చేసినా, చర్చిలో పాట పాడినా ఆ పెట్టె లేకుండా గడవదు. 1952లో సమాచార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ సినిమా పాటల్ని దాదాపు రేడియోలోంచి గెంటేస్తే జనం సిలోన్ రేడియో తిప్పుకున్నారు. ఇక చేసేది లేక 1957లో వివిధభారతి పెట్టారు. జనం చెవులు ఎవరి మాటా వినవని అప్పుడు తెలిసొచ్చింది.

మనవాళ్లెవరూ రేడియో గడప తొక్కలేదని అనటం లేదు. బాబాసాహెబ్ 1954 అక్టోబర్ 3న ఆకాశవాణిలో తన జీవిత తత్వం గురించి ప్రసంగించాడు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్న మూడు మాటల్ని తాను ఫ్రెంచి విప్లవం నుంచి అరువు తేలేదనీ, బుద్ధుడి నుంచి తీసుకున్నాననీ చెప్పింది ఆ ప్రసంగంలోనే. మహాకవి జాషువా 1957 నుంచి 1959 దాకా మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశాడు. వాళ్లు మహానుభావులు, గడప తొక్కారు. మాట్లాడే అవకాశం కోసం ప్రతివాళ్లూ అంబేద్కరో జాషువానో కావాలంటే మాత్రం కుదరదు. లందలో పనిచేసిన తాత సంగతేమిటి? కలుపు తీసే పెద్దమ్మ సంగతేమిటి?

హైదరాబాదు కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, బాలయ్య, ఏకాంబరం మాట్లాడుకుంటుంటే జనం బాగా విన్నారు. వాళ్ల మాట మన మాటకి దగ్గరగా ఉండేది, ఆ మెప్పు ఇవ్వాల్సిందే. విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ గారి ధర్మసందేహాలు కూడా ఊరూరా మోగాయి. ఆయన గొంతు గొప్పది, కాదనలేం. శ్రోతలు ఉత్తరాలు రాసేవాళ్లు, ఆయన పురాణాల్లోంచి జవాబిచ్చేవాడు. సందేహం వస్తే రేడియోకి రాయొచ్చు, జవాబొస్తుంది అన్న అలవాటు జనానికి నేర్పిన కార్యక్రమం అది. ఆ అలవాటు మన వాడ దాకా రాలేదు. హోటల్లో మా గ్లాసు చూరులో ఎందుకుంది అన్నది కూడా ధర్మసందేహమే. అది రాసి పోస్టు చేద్దామన్న ఊహ కూడా మనవాళ్లకి కలగలేదంటే ఆ కార్యక్రమం ఎవరితో మాట్లాడుతున్నదో మనవాళ్లకి బాగానే అర్థమైందన్నమాట.

ఇంతవరకూ చెప్పింది ఫిర్యాదు. ఇప్పుడు వేరే సంగతి, జహీరాబాద్ వైపు ఆడవాళ్లు చేసి చూపించింది.

పాత మెదక్ జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, ఝరాసంగం మండలం మాచనూరు అనే ఊరుంది. ఆ ప్రాంతంలో 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. ఊరూరా ఆడవాళ్ల సంఘాలు, వాటిల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, కూలినాలి చేసుకునేవాళ్లు. బీడు భూములు సాగుకి తెచ్చారు. పాత విత్తనాలు బుట్టల్లో దాచారు. కొర్రలు, సామలు, జొన్నలు, తైదలు ఒకే చేలో కలిపి వేశారు. పత్రికలవాళ్లు, పరిశోధకులు వచ్చి వాళ్ల గురించి రాసుకుపోయేవాళ్లు. మా గురించి మీరు చెప్పేదేంది, మేమే చెప్పుకుంటాం, మాకో రేడియో కావాలె అన్నది వాళ్ల కోరిక. యునెస్కో సాయంతో 1990ల చివర్లోనే మాచనూరులో రేడియోకి కావలసిన ఏర్పాట్లు అయ్యాయి. మైకులున్నాయి, గది ఉంది, నేర్చుకున్న మనుషులున్నారు. లేనిది ఒక్కటే, ఢిల్లీ అనుమతి.

చట్టం చూస్తే వాళ్ల వైపే ఉంది. 1993లో హీరో కప్ క్రికెట్ ఆటల్ని ఎవరు చూపించాలన్న దాని మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ ప్రభుత్వానికీ తగాదా వచ్చింది. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 1995 ఫిబ్రవరి 9న జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ మోహన్, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి తీర్పు చెప్పారు. గాల్లో పోయే తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వం సొంత ఆస్తి కాదు అని. క్రికెట్ కోసం కొట్లాడుకుంటే కూలి ఆడవాళ్లకి హక్కొచ్చింది. వచ్చిన హక్కు చేతికందడానికి ఇంకా పదమూడేళ్లు పట్టింది. 2002లో విద్యాసంస్థలకి మాత్రమే రేడియో పెట్టుకోవచ్చన్నారు. చదువుకున్నవాళ్లకి ముందు, మిగతావాళ్లకి తర్వాత, మనకి తెలిసిన వరసే. 2006 నవంబర్లో గానీ స్వచ్ఛంద సంస్థలకి దారి తెరవలేదు.

ఆ ఏళ్లన్నీ వాళ్లు ఊరుకోలేదు. ముచ్చట్లు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘం మీటింగులకి పట్టుకెళ్లి వినిపించుకున్నారు. గాల్లోకి వదలనివ్వకపోతే చేత్తో మోసుకెళ్లారు. చివరికి 2008 అక్టోబర్ 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళల దినం నాడు, సంఘం రేడియో 90.4 మీద మోగింది. ప్రారంభించడానికి వచ్చింది ఎవరనుకున్నారు, ఆ తీర్పిచ్చిన జస్టిస్ సావంత్. రేడియో నడిపింది ఇద్దరు దళిత యువతులు, ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు అల్గోలు నర్సమ్మ, ఇంకొకరిని జనరల్ నర్సమ్మ అంటారు.

కొత్తలో రాత్రి 7 నుంచి 9 దాకా ప్రసారం. ఎందుకా వేళ? కూలికిపోయి వచ్చి, పొయ్యి వెలిగించి, చేయి కాస్త ఖాళీ అయ్యే వేళ గనుక. ఏం మాట్లాడతారు? అన్నీ. విత్తనం, ఎరువు, పండుగ, పాట, బాలింతకి పెట్టే పత్యం, మందు మొక్కలు. విత్తకుండానే చేలో మొలిచే ఆకుకూరల గురించి. తుమ్మికూర, చెంచలికూర, పొన్నగంటికూర, గునుగు. పట్నం పుస్తకాల్లో ఇవి కలుపు మొక్కలు. కూలిమనిషికి ఇవి పైసా ఖర్చులేని కూర. కలుపు మందు కొట్టిన చేలో పంట బతుకుతుంది, ఈ కూర చస్తుంది. ఎవరి పొయ్యిమీద గిన్నె ఖాళీ అవుతుందో కలుపు మందు కంపెనీ లెక్కలో రాదు. ఆ ముచ్చట ఒక ముసలమ్మ చెప్తుంది, తన మాటలోనే, కొంచెం కన్నడం కొంచెం ఉర్దూ కలిసిన ఆ జహీరాబాద్ తెలుగులోనే. "నీ భాష సరిచేసుకో" అనే ఆఫీసరు అక్కడ లేడు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. కొర్రన్నం తినేవాణ్ణి బీదవాడని నవ్వినవాళ్లే ఇప్పుడు ప్యాకెట్లలో కొనుక్కుంటున్నారు. మన పిల్లలకి అందని ధర. ఆ ఏడాది మార్చిలోనే, ఈ సంఘాలతో మొదట్నుంచీ నడిచిన, దూరదర్శన్ వదిలి పల్లెకొచ్చిన పి.వి. సతీష్ చనిపోయారు.

మన వాళ్లు గెలిచారు కదా, ఇంకేం అంటారా? గట్టి మెలిక అక్కడే ఉంది. 2006 నిబంధనల్లో సముదాయ రేడియోకి వార్తలు, వర్తమాన వ్యవహారాలు నిషేధం. ఆకాశవాణి వార్తల్ని ఉన్నదున్నట్టు తిరిగి వేసుకోవడానికి తర్వాత ఒప్పుకున్నారు గానీ, సొంత వార్త ఇప్పటికీ చెప్పకూడదు. పత్రిక వార్త రాయొచ్చు. టీవీ ఇరవైనాలుగ్గంటలూ అరవొచ్చు. అక్షరం రానివాళ్లు కూడా వినగలిగే, అన్నిటికంటే చవకైన రేడియోలో మాత్రం వార్త సర్కారు సొత్తు. సంస్కృతి చెప్పుకోండి, వ్యవసాయం చెప్పుకోండి, ఆరోగ్యం చెప్పుకోండి, ఊళ్లో ఏం జరిగిందో మాత్రం చెప్పకండి అని.

ముచ్చట ఎక్కడ ఆగుతుంది, వార్త ఎక్కడ మొదలవుతుంది? ఊళ్లో ఉన్నవాళ్లకి ఆ గీత కాస్త దూరంగా ఉండొచ్చు. వాడలో ఉన్నవాళ్లకి అసలు గీతే లేదు. కారంచేడులో ఏం జరిగింది? మాదిగలు తాగే చెరువు నీళ్లని ఖరాబు చేస్తుంటే ఒక ఆడమనిషి అడ్డం చెప్పింది. తాగేనీళ్లు, ఇంతకంటే రోజువారీ సంగతి ఏముంది? 1985 జూలై 17న ఆరుగుర్ని చంపారు. చుండూరులో సినిమాహాల్లో ఒకరి కాలు ఒకరికి తగిలింది. హాల్లో కాళ్లు తగలడం వింతా? 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. మన బతుకులో నీళ్లూ నడకా కూర్చోవడమూ ఏ నిమిషాన వార్త అవుతాయో ఎవరూ చెప్పలేరు. జాతరలో ఏ డప్పు ఎప్పుడు కొడతారు అని అడిగితే అది సంస్కృతి. ఈ ఏడు మేం కొట్టం అన్నందుకు కిరాణాకొట్లో సరుకు ఇవ్వడం మానేశారు అంటే అది వర్తమాన వ్యవహారం. మొదటి సగం రేడియోలో చెప్పి రెండో సగం మింగెయ్యాలి. చాటింపు మనిషికి ఉన్న షరతు ఇదే కదా, గొంతు ఎంతైనా ఎత్తు, నీ సంగతి మాత్రం చెప్పకు.

అందుకే మన సంఘాలు ఈ నిబంధన ఎత్తేయమని అడగాలని మా అభిప్రాయం. భూమి, కూలి డిమాండ్ల పక్కన ఇదొకటి రాయడానికి కాగితం సరిపోకపోదు. రేడియోలో ఎవడో విషం కక్కుతాడు, అల్లర్లు రేపుతాడు అని భయమంటారు. విషం కక్కేవాడికి ఫోన్లున్నాయి, టీవీలున్నాయి, వాడికేం తక్కువ లేదు. దొరికింది నూరు వాట్ల రేడియో వాళ్లే.

ఇప్పుడు ఫోనుంది కదా, రేడియో ఎందుకు అని కుర్రాళ్లు అంటారు. ఫోను మంచిదే, వాడుకుందాం. కాకపోతే ఫోనులో ఏది పైకొస్తుందో ఏది అడుక్కి పోతుందో మన చేతిలో లేదు. దాన్ని నడిపేవాడెవడో మనకి తెలీదు. డేటా అయిపోతే గొంతు ఆగిపోతుంది. ఒకే వేళకి నాలుగు వాడలవాళ్లు ఒకే మాట వినడం అన్నది రేడియోతోనే అవుతుంది. తెల్లారి కలుపు తీస్తూ "రాత్రి విన్నవా పిన్నీ" అని అడుక్కోవడం, ఆ ముచ్చట మీద ఇంకో ముచ్చట రావడం, దాని విలువ వేరు.

2006 నిబంధనల ప్రకారం మూడేళ్లు పనిచేసిన రిజిస్టర్డ్ సంస్థ అర్జీ పెట్టుకోవచ్చు. కనీసం సగం కార్యక్రమాలు స్థానికులతోనే తయారవ్వాలి, స్థానిక భాషలో, యాసలో ఉండాలి. ఇది మనకి భారం కాదు, బలం. మన ప్రాంతంలో అన్ని షరతులకీ సరిపోయే సంఘాలు ఉన్నాయి. కూర్చుని మాట్లాడుకోవాలి. డబ్బు ఎక్కడ్నుంచి అన్న చర్చ వేరే పెట్టుకుందాం, అది పొడుగు చర్చ.

అర్జీ తేలేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. మాచనూరు వాళ్లు క్యాసెట్లు మోసినట్టు మనం ఫోన్లు మోద్దాం. పదిహేను రోజులకొకసారి వాడలో ఒక పెద్దమనిషి దగ్గరో ముసలమ్మ దగ్గరో కూర్చుని అరగంట రికార్డు చేసి, మళ్లీ మీటింగులో అందరికీ వినిపించండి. మీటింగు మొదట్లోనే వినిపించండి, ఉపన్యాసాలయ్యాక వినిపిస్తే ఎవరూ మిగలరు. ఆడవాళ్ల దగ్గర ఆడవాళ్లే అడిగితే మాట బాగా వస్తుంది. ఏం అడగాలో తోచకపోతే బావితో మొదలెట్టండి. వాడలో బోరు పడకముందు నీళ్లెక్కడ, ఎవరు పోసేవాళ్లు, ఏమనేవాళ్లు. మొదటిసారి ఊళ్లో చెప్పులేసుకుని నడిచిందెవరు, ఏమైంది. కాన్పులు ఎవరు చేసేవాళ్లు, బొడ్డు దేనితో కోసేవాళ్లు. వాడలో మొట్టమొదట పదో తరగతి పాసైన మనిషి ఇప్పుడెక్కడ. మోట తొండం కుట్టడం తెలిసినవాళ్లు ఎవరైనా మిగిలారా. మిగిలుంటే ఆలస్యం చెయ్యకండి, వాళ్ల వయసు మనకోసం ఆగదు.

మధ్యలో అడ్డుపడి తాత మాటని మన పుస్తకాల భాషలోకి మార్చకండి. చెప్పొద్దన్నది వినిపించకండి. మొదట్లో పేరూ ఊరూ తారీఖూ వాళ్ల గొంతుతోనే చెప్పించండి. పేరు వద్దంటే వదిలెయ్యండి. రికార్డు చేసింది ఒక్క ఫోనులోనే ఉంచితే ఫోనుతోపాటే పోతుంది. ఇంకో ఇద్దరి దగ్గర కాపీ ఉంచండి. బడిలో చదివే పిల్లలెవరైనా ఉంటే కూర్చోబెట్టి, విన్నది విన్నట్టు నోటుపుస్తకంలో రాయించండి. మా ఏడో తరగతి పిల్లవాడి చేత తాత ముచ్చట మేం అట్లాగే రాయిస్తున్నాం, ఇప్పటికి పదకొండు పేజీలైంది, లంద దగ్గరే ఉన్నాం ఇంకా.